నైట్‌క్యాప్ ఘాటు ఎక్కడుంది? పైపు పొగాకుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: లండన్‌లో ఉండే మా మేనల్లుడు పీటర్సన్ వాళ్ల 'నైట్‌క్యాప్' పైపు పొగాకు డబ్బా తెచ్చాడు. మూత తీయగానే కాలిన తోలు వాసన, దాని వెనకే ఏదో పులుపు. ఏళ్ల తరబడి లంక పొగాకు చుట్టలు కాల్చినవాణ్ణి, ఇది నన్నేం చేస్తుందిలే అనుకున్నా. సగం పైపు దాకా హాయిగానే ఉంది, ఆ తర్వాత తల తిరిగి చెమటలు పట్టేశాయి. ఇంతకీ ఇందులో ఏం కలుపుతారు? – ఓ పాఠకుడు, కొవ్వూరు

జవాబు: మిమ్మల్ని పడేసింది ఆ కాలిన వాసన కాదండీ. ఆ వాసన లటాకియా అనే ఆకుది. పేరు సిరియాలోని రేవు పట్నానిది, సరుకు మాత్రం ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తోంది. ఎండిన ఆకుని మూసిన కొట్టాల్లో వేలాడదీసి, కింద పైన్, మర్టిల్ లాంటి కట్టెలు మంట లేవకుండా రగిలించి, రోజుల తరబడి పొగ పట్టిస్తారు. మన వర్జీనియా బ్యారన్లలో, అంటే పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టాల్లో, పొగ గొట్టాల గుండా బయటికి పోవాలి, ఆకుకి తగలకూడదు. అక్కడ తగలడం కోసమే ఆ తతంగమంతా. అలా నల్లబడిన ఆకు ముక్కుకి ఎంత మొరటుగా అనిపించినా నోట్లో మెత్తగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది, నికోటిన్ కూడా మీరు అనుకున్నంత ఉండదు.

మీకు తగిలిన పులుపు పెరీక్‌ది. అమెరికాలోని లూసియానాలో, మిసిసిపీ నది ఒడ్డున సెయింట్ జేమ్స్ పారిష్ అనే చిన్న ప్రాంతపు పొగాకు అది. ఈనెలు తీసేసి, పాత విస్కీ పీపాల్లో కూరి, పైనుంచి స్క్రూ జాకీలతో బిగిస్తారు. ఆకు తన రసంలో తనే ఊరుతుంది. మధ్యమధ్యలో బయటికి తీసి, గాలి తగలనిచ్చి, మళ్లీ కూరతారు. ఏడాది దాకా ఇదే పని. ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు ముక్కుకి తగిలే పులుపు, కారం గుర్తు తెచ్చుకోండి, ఇంచుమించు అదే. నోట్లో మిరియాల చురుకు, ఆ వెంటనే ఎండు అంజీరు తీపి. విడిగా కాల్చడం చాలామంది వల్ల కాదు, అందుకే మిశ్రమాల్లో కాస్తే వేస్తారు.

ఈ రెండిటికీ వర్జీనియా ఆకు, టర్కీ వైపు పండే చిన్నాకు ఓరియంటల్ రకాలు చేరితే మీ డబ్బా. నిజానికిది లండన్ డన్‌హిల్ వాళ్ల పాత మిశ్రమం. 2018లో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు ఆగిపోయింది, తర్వాత అవే మిశ్రమాలు పీటర్సన్ పేరుతో వస్తున్నాయి.

ఇక మీ తల తిరగడం సంగతి. లంక చుట్ట మొదటి దమ్ములోనే గొంతు పట్టుకుంటుంది, మనిషి తనంతట తనే నెమ్మదిస్తాడు. నైట్‌క్యాప్‌లో ఆ హెచ్చరిక లేదు. లటాకియా మెత్తదనం ఆ ఘాటుని కప్పేస్తుంది, మీరేమో చుట్ట అలవాటుకొద్దీ గబగబా లాగుతారు, పొగ మింగకపోయినా బుగ్గల లోపలి పొర నుంచే నికోటిన్ రక్తంలోకి పోతూ ఉంటుంది. పైపు సగానికి వచ్చేసరికి అడుగున తేమ చేరి రుచి చిక్కబడుతుంది, మిరియాల చురుకు పైకి తేలుతుంది, అప్పటికే తీసుకోవాల్సిన దానికన్నా ఎక్కువ తీసుకుని ఉంటారు. పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు, నైట్‌క్యాప్ అంటే పడుకునే ముందు తాగే ఆఖరి గుక్క, ఇది రాత్రి భోజనమయ్యాక కాల్చేది. పరగడుపున ముట్టుకోకండి. ఒళ్లు తేలినట్టయితే పంతానికి పోకుండా పైపు పక్కన పడేసి, గాలి తగిలేచోట కూర్చుని నీళ్లు తాగండి.

ప్రశ్న: మాది జంగారెడ్డిగూడెం పక్కన. మేం పండించే వర్జీనియా ఆకునే నలిపి పైపులో పెడితే డబ్బు మిగలదా?

జవాబు: డబ్బు మిగులుతుంది, నాలుకే మిగలదు. బ్యారన్‌లో నాలుగైదు రోజుల్లో వేడికి పసుపెక్కిన ఆకులో చక్కెర బాగా నిలుస్తుంది. త్వరగా అంటుకుంటుంది, కాస్త గట్టిగా లాగితే వేడెక్కి నాలుక కొసని కొరుకుతుంది. పైపు కంపెనీలు అలాంటి ఆకునే కొని, ఈనె తీసి, నిల్వ పెట్టి పాతబరుస్తాయి, కొన్ని రకాలైతే పలకల్లా నొక్కి కోస్తాయి. అప్పుడు గానీ పచ్చివాసన పోయి ఎండుగడ్డి, తేనె లాంటి రుచి రాదు. మీరు ఆకుని వేలం కేంద్రానికే తీసుకెళ్లండి.

ప్రశ్న: పైపు పొగ ఊపిరితిత్తుల్లోకి లాగం కదా, సిగరెట్ కన్నా నయమేనా? – విశాఖపట్నం

జవాబు: నయం అని నాతో అనిపించాలని చూస్తున్నారు, అనను. పొగ ఆడేది నోట్లో కాబట్టి నోరు, పెదవి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉంది. సిగరెట్ మానేసి పైపుకి మారినవాళ్లు పాత అలవాటుతో లోపలికి లాగేస్తారు కూడా. మీ ఉత్తరాంధ్రలోనే అడ్డపొగ వేసే ఆడవాళ్లకి, అంటే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునేవాళ్లకి, అంగిట్లో క్యాన్సర్లు వస్తున్నాయని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాళ్లూ పొగ మింగాలని మింగరు. రుచి గురించి అడిగితే రుచి చెబుతాను గానీ, అలవాటు లేనివాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు.

ప్రశ్న: డబ్బా తెరిచి చాలా కాలమైంది, ఆకు పెళపెళలాడుతోంది. ఆపిల్ ముక్క వేస్తే పదును వస్తుందంటున్నారు, వేయనా?

జవాబు: వద్దు, బూజు పడుతుంది. ఆకుని వెడల్పు గిన్నెలో పరిచి, తడిపి గట్టిగా పిండిన గుడ్డని ఆకుకి తగలకుండా పైన కప్పి, గంటకోసారి చూడండి. వేళ్లమధ్య నొక్కితే ముద్దకట్టకుండా మెల్లగా విడిపోవాలి, అది చాలు. తర్వాత బిగుతు మూత ఉన్న గాజు సీసాలోకి మార్చేయండి. లటాకియా ఉన్న రకమైతే దాని సీసా, దాని పైపు వేరుగా ఉంచండి, లేకపోతే తర్వాత ఏం కాల్చినా పొగచూరిన వాసనే వస్తుంది.