హౌరా నుంచి సియాల్దాకు ట్రాము దొరకడం లేదంటే

కలకత్తాలో హౌరా స్టేషన్‌లో దిగి, సియాల్దా స్టేషన్‌లో డార్జిలింగ్ మెయిల్ రైలు అందుకోవాలని, చేతిలో సామాను, వెంట పిల్లలు ఉన్నారని, ట్రాము దొరకడం లేదని అడిగారు. ట్రాము కోసం వెతకడమే చిక్కు. హౌరా స్టేషన్ నుంచి సియాల్దాకు ఇప్పుడు ట్రాము లేదు. 1873లో కలకత్తా తొలి ట్రాము సియాల్దా నుంచే కదిలిందని తలచుకుంటే బాధగానే ఉంటుంది.

1. ముందు మీ టికెట్టుపై చివరి స్టేషన్ పేరు చూడండి. మన బరంపురం వాళ్లు పొరపడేది ఇక్కడే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాకు వెళ్తుంది, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మాత్రం షాలిమార్ అనే వేరే స్టేషన్‌కు. షాలిమార్‌లో మెట్రో లేదు. డార్జిలింగ్ మెయిల్ అందుకోవాలి, పైగా సామాను, పిల్లలు అన్నారు కాబట్టి హౌరా బండే తీసుకోండి.

2. హౌరాలో దిగి మెట్రో గ్రీన్ లైన్ ఎక్కండి. హుగ్లీ నది కిందుగా వెళ్తుంది. మహాకరణ్, ఎస్‌ప్లనేడ్, ఆ తర్వాత సియాల్దా. 2025 ఆగస్టు నుంచి మధ్యలో దిగే పనే లేదు.

3. మెట్రో టికెట్టు విడిగా కొనాలి.