ముందు పళ్ళు కలవడం లేదంటే దవడ కీలు చూపించండి

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్ళు. ఆవులిస్తే చెవి దగ్గర టక్కుమనడం రెండేళ్ళుగా ఉంది. ఈమధ్య ఆ టక్కు పోయి గరగరమంటోంది. ఆరు నెలలుగా పైపళ్ళు, కిందిపళ్ళు ముందువైపు అందడం లేదు, జామకాయ కొరకలేకపోతోంది. నొప్పి తక్కువే. క్లిప్పులు వేయిస్తే సరిపోతుందంటున్నారు. ఈ వయసులో కీలు అరుగుతుందా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అరుగుతుందమ్మా. కింది దవడ ఎముక చివర, చెవికి ముందు, గుండ్రటి తల ఉంటుంది. దానికీ పుర్రెకీ మధ్య మెత్తలాంటి డిస్కు. అది ముందుకు జారి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ చోటుకొస్తే టక్కుమంటుంది. టక్కు ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే వైద్యం అక్కర్లేదు. గరగర మాత్రం ఎముక గరుకుదేలిందన్న అనుమానం కలిగిస్తుంది. రెండువైపులా ఆ తల కరిగి పొట్టిదైతే దవడ వెనక్కి జారుతుంది, దంతాలు వెనకవే తగిలి ముందువి తెరుచుకుంటాయి, గడ్డం లోపలికి పోతుంది. ఇది ఎక్కువగా యుక్తవయసు ఆడపిల్లలకే వస్తుంది, పెద్దగా నొప్పి లేకుండానే సాగిపోవచ్చు. అందుకే నొప్పి తక్కువని ఊరుకోవద్దు.

క్లిప్పులు ఇప్పుడే వద్దు. కింద ఎముక కరుగుతూ ఉంటే పైన పళ్ళు కలిపినా మళ్ళీ విడిపోతాయి. ముందు ఓపీజీ (రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే) ఎక్స్‌రే తీయించండి. ఎముక తల వివరంగా తెలియడానికి సీబీసీటీ (దవడల త్రీడీ స్కాను), డిస్కు, లోపలి వాపు తెలియడానికి ఎమ్మారై అవసరం కావచ్చు. పిల్లలకొచ్చే కీళ్ళవాతం దవడనూ పట్టుకుంటుంది కనుక వాపును, కీళ్ళవాతాన్ని పసిగట్టే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఏఎన్‌ఏ రక్తపరీక్షల గురించీ డాక్టరును అడగండి. పొద్దున లేచేసరికి వేళ్ళు, మోకాళ్ళు బిగుసుకుంటున్నాయేమో అమ్మాయిని కనుక్కోండి. విశాఖలో డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడి నోటి శస్త్రచికిత్స విభాగానికి వెళ్ళేటప్పుడు పాత ఫొటోలు, ఎక్స్‌రేలు పట్టుకెళ్ళండి. మార్పు ఎంత వేగంగా వచ్చిందో వాటిలోనే తెలుస్తుంది.

ఈలోగా తేగలు, చెరకు, జంతికలు, బబుల్‌గమ్ మానిపించండి. చోడి అంబలి, ఇడ్లీ, మెత్తగా ఉడికిన పప్పన్నం పెట్టండి. వేడినీళ్ళలో పిండిన గుడ్డతో రోజుకు రెండుసార్లు 15 నిమిషాలు కాపడం పెట్టాలి. పెదవులు మూసుకున్నా పళ్ళు తగలకుండా ఉండాలి. చదువుకునేటప్పుడు చేత్తో గడ్డం ఆనించకూడదు. రాత్రి పళ్ళు కొరికే అలవాటుంటే అన్ని పళ్ళనూ కప్పే గట్టి అక్రిలిక్ స్ప్లింట్ (పళ్ళకు తొడిగే తొడుగు) కొలతిచ్చి చేయించాలి. ముందుపళ్ళను మాత్రమే కప్పేదయితే ముందు సందు ఇంకా పెరగొచ్చు.

నెలకోసారి స్టీలు స్కేలుతో రెండు కొలతలు రాసుకోండి: పళ్ళు కరిచినప్పుడు ముందు సందు ఎంత, నోరు పూర్తిగా తెరిస్తే ఎంత. తెరిచినప్పుడు 40 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది. అరుగుదల ఆగిందని కనీసం ఏడాది తేడాతో తీసిన స్కానుల్లో తేలాకే క్లిప్పులు, అవసరమైతే దవడ సర్జరీ.

నోరు హఠాత్తుగా రెండువేళ్ళ మేరకే తెరుచుకుంటే డిస్కు ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడు ఆ వారంలోనే చూపించండి. ఆలస్యమైతే కీలు బిగుసుకుపోయి సరిచేయడం కష్టమవుతుంది.