ఏకపక్ష ప్రేమ పాటల్లో నా ఓటు జార్జ్ జోన్స్‌కే

"ఏకపక్ష ప్రేమ మీద వచ్చిన పాటల్లో మిమ్మల్ని బాగా కదిలించినది ఏది?" అని అడిగారు. నాకు రెండో ఆలోచన లేదు. 1980లో జార్జ్ జోన్స్ పాడిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' (ఈరోజుతో అతను ఆమెను ప్రేమించడం మానేశాడు). వదిలి వెళ్లిన ఆమెను చచ్చేదాకా ప్రేమించిన ఒక మనిషి కథ అది. అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంలో దీన్ని మించిన పాట రాలేదు, ఇక రాదు కూడా.

టెక్సస్‌లోని బోమాంట్‌లో ఉన్న రోజుల్లో కారు బ్రేకులు బాగు చేయించడానికి ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. జోన్స్ పుట్టిన సరాటోగా అక్కడికి దగ్గరే. పెద్ద వయసు మెకానిక్ కారు కింద పడుకుని బోల్టులు విప్పుతుండగా రేడియోలో ఈ పాట వచ్చింది. మధ్యలో జోన్స్ పాడటం ఆపి మామూలుగా మాట్లాడతాడు. అతన్ని కడసారి చూడటానికి ఆమె వచ్చిందని చెప్పే చోటు అది. అక్కడికి రాగానే పానా చప్పుడు ఆగిపోయింది. ఆ మాటలు అయ్యేదాకా కారు కింద నుంచి బయటికి ఉన్న రెండు బూట్లూ కదల్లేదు. తర్వాత ఆయన లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయని చెప్పాడు. పాట ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ మనిషి పోయాడని పాట నేరుగా అనదు. తలుపుకు పూలచక్రం పెట్టారంటుంది. ఎన్నో ఏళ్లకు అతని ముఖంలో నవ్వు కనిపించిందంటుంది. మంచం పక్కన 1962 నాటి ఉత్తరాలు, వాటిలో 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని ఉన్న ప్రతిచోటా ఎర్రగీత. పాట రాసిన బాబీ బ్రాడాక్, కర్లీ పుట్‌మన్‌ల పనితనమంతా నాకు ఆ ఎర్రగీతలోనే కనిపిస్తుంది. "ఆమె ఒకప్పుడు ప్రేమించింది కదా, ఇది ఏకపక్షం ఎలా అవుతుంది?" అని కొందరు వాదిస్తారు. వదిలి వెళ్లిన మనిషి కోసం ప్రాణం పోయేదాకా ఎదురుచూడటం ఏకపక్షం కాక మరేమిటి?

ఇంత విషాదాన్ని ఎవరూ కొనరని జోన్స్ కూడా అనుకున్నాడు. తీరా అది కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి చేరింది, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 1980లోనూ 1981లోనూ దానికే ఉత్తమ గీతం పురస్కారం ఇచ్చింది. జనం ఏడుపు పాటలు వినరని చెప్పే మన నిర్మాతలు ఇది తెలుసుకోవాలి.

మన సినిమాల సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది. అమ్మాయి వద్దని మొత్తుకుంటున్నా కాలేజీ దాకా, బస్టాపు దాకా వెంటపడేవాడికి ఒక పాట, వెనక నలభై మంది డ్యాన్సర్లు! జోన్స్ పాటలోని మనిషి ఆమె ఫోటోను గోడకు పెట్టుకున్నాడు. ఆమె గుమ్మం తొక్కినట్టు పాటలో ఎక్కడా లేదు. ఆ వెంటపడే పాటల్ని మాత్రం దయచేసి ఈ ప్రశ్న కింద ప్రేమ పాటలుగా చేర్చకండి.