పుట్టుబుద్ధుల గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నక్కల సంగతి, ఎలుకల సంగతి, కందిరీగలు, గిజిగాడి గూడు, అన్నీ ఒకే ఊపులో చెప్పుకొచ్చావు. చదివించే గుణం నీ రాతలో ఉంది. దాని గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు. నాకు గుచ్చుకున్నవి రెండే వాక్యాలు. "ప్రెయరీ ఎలుకల్లో దాంపత్య నిష్ఠను కలిగించే జన్యువు దొరికింది" అన్నావు. "కందిరీగలు జాతి మేలు కోసం జీవితాన్ని ధారపోస్తాయి" అన్నావు. పత్రికల్లో తరచూ కనిపించే వాక్యాలే ఇవి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జంతువుల నడవడి మీద తెలుగులో రాసేవాళ్ళకు ఒక చిక్కుంది. మన పాఠకుడి మనసులో ఈ విషయం మీద తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాడు. నువ్వు ఎలుక జన్యువు గురించి రాస్తే అతను ఎలుక దగ్గర ఆగడు. "చూశావా, సైన్సు కూడా అంతా రక్తంలోనే ఉందంటోంది" అనుకుంటూ పక్కింటి దాకా, పక్క కులం దాకా వెళ్ళిపోతాడు. నీ వ్యాసంలోంచి ఒక్క వాక్యం కత్తిరించి వాట్సాప్‌లో పంపుతాడు. ఆ ఒక్క వాక్యం ఒంటరిగా వెళ్ళినా తప్పు చెప్పకుండా ఉండాలి. అందుకని, శాస్త్రవేత్తలు దేన్ని దేనితో పోల్చి ఆ మాట అన్నారో నీ వాక్యంలోనే కనబడాలి. నడవడిలో జన్యువుల పాత్ర గురించి మనకు తెలిసిందంతా తేడాల గురించి తెలిసిందే. ఫలానా జంతువుకూ ఫలానా జంతువుకూ మధ్య, ఫలానా పరిస్థితిలో కనబడిన తేడా. పోలికను తీసేసి ఫలితం మాత్రం రాస్తే మిగిలేది సామెతే.

పోలిక ఎంత అందంగా ఉంటుందో చెప్తాను. అమెరికాలో రెండు జాతుల చిట్టెలుకలున్నాయి. డీర్ మౌస్ అనేది చాలా ప్రాంతాల్లో కనిపిస్తుంది, పొట్టి బొరియ తవ్వి సరిపెట్టుకుంటుంది. ఆగ్నేయ రాష్ట్రాల ఇసుక నేలల్లో ఉండే ఓల్డ్‌ఫీల్డ్ మౌస్ అలా కాదు. పొడుగాటి దారి తవ్వి, చివర గూడు చేసుకుని, ఆ గూటి వెనకనుంచి పైకి ఇంకో దారి తవ్వుతుంది. ఆ రెండో దారి నేల పైకి తెరుచుకోదు, కాస్త కిందే ఆగిపోతుంది. పాములాంటిది ముందు దారిలో లోపలికొస్తే ఎలుక ఆ పల్చటి మట్టిని తోసుకుని వెనకనుంచి పారిపోతుంది. ఇంత తెలివైన ఇంటి ప్లాను తల్లి దగ్గర నేర్చుకుందా, పుట్టుకతో వచ్చిందా?

హార్వర్డ్‌లో హోపీ హోక్‌స్ట్రా బృందం దీన్ని పట్టుకుంది. తరతరాలుగా ల్యాబ్ పంజరాల్లోనే పుట్టి పెరిగి, ఒక్కసారి కూడా మట్టి తవ్వని ఎలుకలను ఇసుక నింపిన పెద్ద పెట్టెల్లో వదిలారు. తెల్లారి బొరియల్లో నురుగు పోసి, అది గట్టిపడ్డాక అచ్చు బయటికి తీసి కొలిచారు. ఏ జాతి ఎలుక ఆ జాతి బొరియే తవ్వింది. తర్వాత రెండు జాతులనూ కలిపారు. పుట్టిన సంకరజాతి పిల్లలు పొడుగు దారీ తవ్వాయి, వెనక దారీ తవ్వాయి. ఆ పిల్లలను మళ్ళీ డీర్ మౌస్‌తో కలిపితే వచ్చిన తరంలో అసలు వింత బయటపడింది. కొన్ని పొడుగు దారి తవ్వి వెనక దారి మానేశాయి. కొన్ని పొట్టి దారి తవ్వి కూడా వెనక దారి పెట్టుకున్నాయి. ఇల్లంతా ఒకే మూటగా వారసత్వంలో రాలేదన్నమాట, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముందు దారి పొడుగుకు క్రోమోజోముల మీద మూడు చోట్లు, వెనక దారికి ఒక చోటు దొరికాయని 2013లో ప్రకటించారు. 'చోటు' అంటే ఒక జన్యువు అని కాదు, ఎన్నో జన్యువులుండే ఒక భాగం. ఇది రాసేటప్పుడు "బొరియ తవ్వే జన్యువు" అని రాయాలని నీ చెయ్యి లాగుతుంది. లాగనివ్వకు. బొరియ తవ్వడానికి కాళ్ళు కావాలి, గోళ్ళు కావాలి, చీకటి అంటే ఇష్టం కావాలి, ఇసుక కావాలి. వాళ్ళు కనిపెట్టింది రెండు జాతుల బొరియల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నదే. నా లెక్కలో అది చాలా పెద్ద విషయం, దాన్ని ఇంకా పెద్దది చేయనక్కర్లేదు.

ఇప్పుడు నీ ప్రెయరీ ఎలుకలు. ప్రెయరీ వోల్ అనే ఈ చిన్న జంతువులో మగా ఆడా జంటగా ఉండి పిల్లల్ని పెంచుతాయి. దాని దగ్గరి బంధువైన మెడో వోల్ అలా జత కట్టదు. వాసోప్రెసిన్ అనే హార్మోనును అందుకునే గ్రాహకాలు ఈ రెండింటి మెదళ్ళలో వేర్వేరు చోట్ల ఉంటాయి. 2004లో ఆ గ్రాహకం జన్యువును మెడో వోల్ మగవాటి మెదడులో ఒక భాగంలో ఎక్కువగా పనిచేసేట్టు చేస్తే, అవి తమ జోడీ దగ్గర ఎక్కువసేపు గడపడం మొదలుపెట్టాయి. నువ్వు ఇక్కడ ఆపేశావు. కథ ఇక్కడ ఆగలేదు. ఇలాంటి జత కట్టడానికి ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోను గ్రాహకం తప్పనిసరి అని కూడా చాలాకాలం నమ్మారు. 2023లో జన్యువును కోరినచోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ గ్రాహకమే లేని ప్రెయరీ వోల్స్‌ను పుట్టించారు. అవి మామూలుగానే జత కట్టాయి, పిల్లల్ని కని పాలిచ్చాయి. ఇంట్లో ఫ్యూజు పోతే బల్బు ఆరిపోతుంది గానీ, వెలుగు పుట్టేది ఫ్యూజులో కాదు కదా. ఈ ఎలుకల్లోనైతే తప్పనిసరి అనుకున్న ఫ్యూజు తీసేసినా బల్బు వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు వెళ్ళే దారులు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ.

'దాంపత్య నిష్ఠ' కూడా తీసెయ్యి తల్లీ. జంటగా ఉండే ప్రెయరీ వోల్స్‌లో కూడా వేరే మగవాటికి పుట్టిన పిల్లలుంటాయి. అవి చేసేది కలిసి కాపురం. దానికి నిష్ఠ అని పేరు పెట్టగానే ఎలుక మాయమై సావిత్రీ సత్యవంతులు వచ్చి కూర్చుంటారు.

సామెతకు నేరుగా జవాబు చెప్పే ప్రయోగం ఒకటి నీ వ్యాసంలో లేదు. అది తప్పకుండా చేర్చు. చిక్కుదారుల పెట్టెలో దారి కనుక్కోవడంలో చురుకైన ఎలుకలను వాటిలో వాటినే, మొద్దు ఎలుకలను వాటిలో వాటినే తరతరాలు జతచేసి రెండు వంశాలు తయారుచేశారు. తేడా స్పష్టంగా వారసత్వంలో వచ్చింది. కథ ఇక్కడికే వింటే ఎవరైనా 'పుడకలతో గాని పోదు' అంటారు. 1958లో కెనడాలోని మానిటోబాలో కూపర్, జూబెక్ అనే ఇద్దరు ఆ రెండు వంశాల పిల్లలనూ తీసుకున్నారు. కొన్నిటిని ఆటవస్తువులూ సొరంగాలూ ఉన్న పంజరాల్లో పెంచారు, కొన్నిటిని ఏమీ లేని బోసి పంజరాల్లో పెంచారు. బోసి పంజరాల్లో రెండు వంశాలూ దాదాపు ఒకేలా తడబడ్డాయి. ఆటల పంజరాల్లో రెండూ దాదాపు ఒకేలా రాణించాయి. అంత పట్టుగా పెంచిన వంశాల తేడా, మామూలు పంజరంలో కొట్టొచ్చినట్టు కనబడిన తేడా, పంజరం మార్చగానే దాదాపు చెరిగిపోయింది. జన్యువులు మారలేదు. ఈ ఒక్క ప్రయోగానికి నువ్వు ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదంటాను.

ఇక కందిరీగల సంగతి. 'జాతి మేలు' అనే ఆలోచన ఎందుకు నిలవదో చూడాలంటే మన కొండముచ్చుల దగ్గరికి రావాలి. 1960ల్లో జపాన్ పరిశోధకుడు సుగియామా ధార్వాడ్ దగ్గరా, 1970ల్లో అమెరికా పరిశోధకురాలు సారా హర్డీ మౌంట్ ఆబూలోనూ వీటిని గమనించారు. గుంపును కొత్త మగ కొండముచ్చు ఆక్రమించాక, అది చంటిపిల్లలను చంపడం వాళ్ళు నమోదు చేశారు. పాలివ్వడం ఆగిపోయిన తల్లి త్వరగా మళ్ళీ ఎదకొస్తుంది, కొత్త మగదానికి సొంత పిల్లలు పుడతాయి. జాతికి ఇందులో నష్టమే తప్ప మేలు లేదు. ఇదంతా గుంపులు కిక్కిరిసిపోవడం వల్ల పుట్టిన పిచ్చి అని కొందరు వాదించారు. నేపాల్‌లోని రామ్‌నగర్‌ కొండముచ్చులకు చేసిన డీఎన్ఏ పరీక్షల ఫలితాలు 1999లో వచ్చాయి. దాడి చేసిన మగవి ఆ పిల్లల తండ్రులు కావని తేలింది. పరిణామం జాతి మంచిచెడ్డలు చూడదు, ఏ లక్షణం ఎక్కువ నకళ్ళు మిగుల్చుకుంటే అది నిలుస్తుంది. ఇది రాసేటప్పుడు ఇంకో వాక్యం కూడా రాయి. ప్రకృతిలో ఉందన్నంత మాత్రాన అది మనుషులకు అనుమతిపత్రం కాదని. అది అందరికీ తెలిసిందేలే అనుకోకు.

మరి కందిరీగ సొంతంగా గుడ్లు పెట్టకుండా రాణి పిల్లలను ఎందుకు పెంచుతుంది? ఇక్కడ మన కాకినాడను తలుచుకోవచ్చు. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన దగ్గర చేరి, సీతాకోకచిలుకలు ఏ రంగు లాంటానా పూల మీద ఎక్కువ వాలుతున్నాయో గమనించారు. 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. మునిగిపోతున్న బంధువు కోసం నీళ్ళలో దూకించే జన్యువు ఎలా నిలబడగలదో 1955లోనే ఆయన రాశారు. రక్తబంధువుల్లో అదే జన్యువు నకళ్ళు ఉంటాయి కనుక. ఆయన పోయిన సంవత్సరమే విలియం హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త దీన్ని పూర్తి లెక్కగా ప్రచురించారు. తేనెటీగల్లో, కందిరీగల్లో మగవాటికి సగం క్రోమోజోములే ఉంటాయి. అందువల్ల ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెళ్ళు జన్యువుల్లో నాలుగింట మూడు వంతులు పంచుకుంటారు, తల్లీకూతుళ్ళకన్నా ఎక్కువ.

ఈ లెక్క ఎంత ముద్దొస్తుందంటే చాలామంది ఇక్కడే సంబరపడి ఆగిపోతారు. బెంగళూరులో కీటకాల నడవడి మీద పరిశోధించే రాఘవేంద్ర గడగ్కర్ ఆగలేదు. మన ఇళ్ళ చూరు కింద కాగితంలాంటి గూడు కట్టే కందిరీగల్లో ఒక జాతిని, రోపాలిడియా మార్జినేటాను, దశాబ్దాల పాటు ఒక్కొక్కదానికీ రంగుచుక్కలు పెట్టి గమనించారు. ఆ గూళ్ళలో రాణి ఒకటికన్నా ఎక్కువ మగవాటితో కలుస్తుంది, రాణులు మారుతుంటారు కూడా. ఆ మూడు వంతుల బంధుత్వం అక్కడ ఉండదు. పైగా కూలి ఈగలు గొడ్రాళ్ళు కావు. రాణిని తీసేస్తే వాటిలో ఒకటి చూస్తుండగానే దూకుడుగా మారి, కొద్ది రోజుల్లో గుడ్లు పెట్టే రాణి అవుతుంది. అంటే విడిగా వెళ్ళి గూడు పెట్టుకోగల ఈగ కావాలనే ఉంటోంది. ఎందుకు? ఒంటరిగా గూడు పెట్టిన ఈగ పిల్లలు పెద్దవయ్యేలోపు చచ్చిపోతే అంతా వృథా. గుంపులో అది సగంలో చచ్చిపోయినా అప్పటిదాకా మేపిన పిల్లలను మిగతావి సాకుతాయి. గడగ్కర్ 1990లో ఈ వాదన చేశారు. బంధుత్వం, చావు భయం, పిల్లలకు పట్టే కాలం, అన్నీ కలిస్తేనే ఆ ఈగ ఎందుకు ఉండిపోతోందో అర్థమవుతుంది. ఇదంతా ఈగ కూర్చుని లెక్కవేసుకుందని కాదు. అలా ఉండిపోయిన ఈగల సంతతి నిలిచింది, అంతే. నీ "ధారపోస్తాయి" స్థానంలో ఈ ఈగ కథ పెట్టు, చాలు.

నక్కల మీద ఎక్కువ చెప్పను, బాగా రాశావు. సైబీరియాలో జన్యుశాస్త్రవేత్త బెల్యాయెవ్ 1959లో మొదలుపెట్టిన ఆ పని ధైర్యంతో కూడినది. జన్యుశాస్త్రమే నేరమైన దేశంలో ఆయన అన్నను 1937లో కాల్చి చంపారు. ఒక్క సౌమ్యతను మాత్రమే చూసి ఎంచుకుంటూ పోతే నక్కలు మనుషుల చేతులు నాకేంతగా మారాయన్నదాంట్లో అనుమానం లేదు. కోపిష్టి తల్లుల దగ్గర సౌమ్యమైన నక్కల పిల్లలను పెంచి కూడా చూశారు. కాకపోతే మచ్చల బొచ్చు వంటివి సౌమ్యతతో పాటు కొత్తగా వచ్చాయన్న మాట తగ్గించి రాయి. ఆ నక్కల పూర్వీకులు కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి బొచ్చు ఫారాలవి, మచ్చలు అక్కడే ఉండేవని 2019లో పాత ఫోటోలతో సహా చూపించారు.

గిజిగాడి పేరా మాత్రం తీసేయకు, పెంచు. "పుట్టుకతోనే వచ్చిన విద్య" అన్నావు. ఆఫ్రికా గిజిగాళ్ళను కోలియాస్ దంపతులు పంజరాల్లో పెంచి చూశారు. చిన్నప్పుడు గడ్డిపరక అందనివ్వకుండా పెంచిన మగపిట్టలు పెద్దయ్యాక గడ్డి ఇచ్చినా చాలాకాలం సరిగ్గా అల్లలేకపోయాయి. పరకను పట్టుకోవాలన్న తపన పుట్టుకతో వస్తుంది, ముడి కుదరడానికి సాధన కావాలి. మన గిజిగాడు సగం గూడు అల్లి ఆగుతాడు, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం పూర్తిచేసి ఇంకో గూడు మొదలుపెడతాడని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930లో బొంబాయి దగ్గర కిహిమ్‌లో గమనించారు. కుర్ర మగపిట్టలు అల్లే గూళ్ళు వదులుగా, వంకరగా ఉంటాయి. వర్షాలు పడ్డాక మీ ఊళ్ళో చెరువు గట్టు మీద తాటిచెట్ల దగ్గరికి పొద్దున్నే వెళ్ళు. ఏ గూళ్ళు సగంలో ఆగాయో, వేటిని ఆడపిట్టలు వచ్చి చూసి వదిలేశాయో, ఆ అల్లిక మిగతావాటికన్నా ఎలా తేడాగా ఉందో రాసుకో. అది నీ సొంత పోలిక అవుతుంది. ఆ వివరాలు పేరాలో కలిపి, పైన చెప్పిన రెండు వాక్యాలూ మార్చి, వ్యాసం మళ్ళీ పంపు. నిడివి గురించి టెన్షన్ పడకు, పెరిగితే పెరగనీ. మళ్ళీ చదువుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ