నర్సింగ్ డిగ్రీ అయ్యాక ముందు ఏం చేయాలి?

డిగ్రీ అయ్యాక ఐసీయూలో చేరాలా, పీజీ చేయాలా, విదేశాలకు వెళ్లాలా అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. ముందు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తిచేసుకోండి, అది లేనిదే నర్సుగా పనిచేయలేరు.

తర్వాత ఒకటి రెండేళ్లు జనరల్ వార్డులో చేయమంటాను. ఒకే షిఫ్టులో షుగర్ పేషెంటు, ఆపరేషన్ అయినవాళ్లు, ఆయాసంతో వచ్చిన పెద్దాయన అందరూ మీ చేతుల్లోనే ఉంటారు. బీపీ ఇంకా పడిపోకముందే శ్వాస వేగం పెరగడం గమనించి డాక్టర్‌ని పిలవడం అక్కడే అలవాటవుతుంది. ఐసీయూ మీదే మనసుంటే నేరుగా చేరినా తప్పులేదు. కానీ కొత్తవాళ్ల పక్కన సీనియర్‌ని ఉంచి నేర్పించే ఆసుపత్రినే ఎంచుకోండి, జీతం కాస్త తక్కువైనా సరే.

పీజీ మాత్రం ఏ విభాగం నచ్చిందో తెలిశాకే.

అమెరికా వెళ్లాలంటే ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. 2023 ఏప్రిల్ నుంచి అందులో పేషెంటు కేసు ఇచ్చి, మీరేం చేస్తారో అడిగే ప్రశ్నలు పెరిగాయి, బట్టీ పడితే కుదరదు. బ్రిటన్‌కైతే కంప్యూటర్ పరీక్షతో పాటు ఆస్కీ అనే ప్రాక్టికల్ కూడా ఉంటుంది. ఇంగ్లిష్ ప్రావీణ్యానికి ఓఈటీ (వైద్య రంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ రాసి, స్కోరు చూపించవచ్చు. ఉద్యోగం మానేటప్పుడు విభాగం, తేదీలు స్పష్టంగా ఉన్న ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తప్పక తీసుకోండి.