అమ్మ జీవితాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న: మా అమ్మ కిందటి ఏడాది కన్నుమూసింది. ఆమె వీణ వాయించేది, పద్యాలు అల్లేది, బొమ్మలు గీసేది. తన చదువు మధ్యలోనే ఆగిపోయినా, మాకు బడి చదువు పూర్తయ్యేదాకా లెక్కలు తానే చెప్పింది. తోబుట్టువులందరం కలిసి ఆమె జీవితాన్ని చిన్న పుస్తకంగా తేవాలనుకుంటున్నాం. రాయడానికి కూర్చుంటే మాత్రం ప్రతి పేరా ‘అంతా మా కోసమే చేసింది’ అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారు మీ కోసం పడిన శ్రమ నిజం, దాన్ని రాయవలసిందే. కానీ ఆ ఒక్క మాటతో పుస్తకమంతా నిండితే, పాఠకుడికి కనిపించేది ఆమె పిల్లలే తప్ప ఆమె కాదు. వీణ ముందు కూర్చున్న మనిషి మీరు పుట్టకముందే ఉన్నారు. ఆమెకు వీణ నేర్పింది ఎవరు, ఏ వయసులో, ఏ రాగం ఆమెకు ప్రాణం, ఇంటి పనుల మధ్య సాధనకు ఏ వేళ దొరికేది, ఎన్నేళ్లు వీణ ముట్టకుండా గడిచాయి, మళ్లీ ఎందుకు తీశారు అన్న ప్రశ్నలకు జవాబులు వెతకడంతో మొదలుపెట్టండి. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని పొగడడం కంటే, ఆమె ఒక పద్యంలో యతి కుదరక ఏ పదం కొట్టేసి ఏ పదం వేసుకున్నారో చూపించడం ఆమెకు నిజమైన గౌరవం.

బెంగాలీలో తొలి ఆత్మకథగా పేరొందిన ‘ఆమార్ జీబన్’ 1876లో వెలువడింది. రాసిన రాససుందరీ దేవి పన్నెండు మంది పిల్లల తల్లి. ఆడవాళ్లు చదివితే తప్పుపట్టే రోజుల్లో ఆమె చైతన్య మహాప్రభు జీవితకథ అయిన ‘చైతన్య భాగవతం’ నుంచి ఒక పత్రం తీసి వంటింట్లో దాచుకుని, పెద్దకొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చుకుంటూ రహస్యంగా చదవడం నేర్చుకున్నారు. ఆమె ఎంత కష్టపడి పిల్లల్ని పెంచారో చెప్పే వాక్యాలకంటే, ఆ దాచిన పత్రం దగ్గరే మనం ఆమెను దగ్గరగా చూస్తాం. మీ అమ్మగారి జీవితంలోనూ అలాంటి ఘట్టాలు తప్పక ఉంటాయి.

వాటి కోసం ముందుగా వయసులో పెద్దవారిని కలవండి, ఇందులో ఆలస్యం తగదు. ‘అమ్మ గురించి చెప్పండి’ అంటే మంచి మాటలు రెండు చెప్పి ఊరుకుంటారు. పాత ఫొటో ఒకటి చేతికిచ్చి ఇందులో ఉన్నది ఎవరు, ఎక్కడ అని అడిగితే మాటలు వాటంతట అవే వస్తాయి. అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. సంవత్సరం గుర్తులేకపోతే ఇల్లు మారకముందా, ఫలానా బిడ్డ పుట్టాకనా అని అడగండి.

ఆమె పాటో మాటో ఉన్న క్యాసెట్ ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని డిజిటల్‌లోకి మార్పించండి, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ ఆ టేపు పాడవుతుంది. ఫొటోల వెనుక పేర్లు మెత్తని పెన్సిల్‌తో తేలికగా రాయండి. పెన్ను సిరా ముందువైపుకు దిగవచ్చు. ఉత్తరాలకు, చేతిరాత కాగితాలకు లామినేషన్ చేయించవద్దు. దాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. స్కాన్ చేసుకుని అసలు ప్రతులను ఎండా తేమా తగలని చోట ఉంచితే చాలు.

ఇక త్యాగం గురించి రాసేటప్పుడు, ఆమె వదులుకున్నది ఏమిటో పేరుపెట్టి రాయండి. చదువు ఎందుకు ఆగింది, ఆగినందుకు ఆమె బాధపడ్డారా, ఆ బాధ ఎవరితోనైనా చెప్పుకున్నారా? ఆమె కోపాలూ పట్టుదలలూ కూడా రాయండి, వాటిని దాచిపెడితే ఆమె మీ ఇంటివారికే గుర్తుపట్టరాని మనిషైపోతారు.

తోబుట్టువులు ఎవరి భాగం వారు విడిగా రాసి, అందరూ ముగించాకే ఒకరిది ఒకరు చదవండి. ముందే మాట్లాడుకుంటే ఒకరి జ్ఞాపకం మరొకరి జ్ఞాపకాన్ని తెలియకుండానే మార్చేస్తుంది. పెద్దవారు చూసిన తల్లి యువతి, చివరివారు చూసిన తల్లి నడివయసు మనిషి. రెండు కథనాలు పొసగనిచోట ఏది నిజమో తేల్చే ప్రయత్నం చేయకుండా, ఎవరిది ఏ మాటో పేరుతో సహా రెండూ అచ్చువేయండి. ఆమె పద్యాలను మాత్రం ఎవరూ దిద్దకుండా, ఆమె రాసినవి రాసినట్టే చేర్చండి.