12 పేజీలు రాశాక "అయితే ఏంటి?" అని అడిగితే

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేయడానికి ఆగస్టులో అమెరికా వచ్చాను. ఒక కోర్సులో 12 పేజీల రీసెర్చ్ పేపరు రాయాలి, చదివినవాళ్లు ఒప్పుకునేలా ఉండాలట. మా జిల్లా ఫ్లోరైడ్ సమస్య మీద రాశాను. 40 రెఫరెన్సులు పెట్టాను, గ్రామర్ తప్పులు కూడా లేవు. ప్రొఫెసర్ మొదటి పేజీ పక్కనే "సో వాట్?" అని రాసి డ్రాఫ్టు తిప్పి పంపింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, మా తాతకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు) ఉంది. ఆయన సంగతి పేపర్లో రాయొచ్చా?

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన డ్రాఫ్టు మొత్తం చదివాను. మొదటి వాక్యం చూడగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. "నీరు సమస్త ప్రాణికోటికి జీవనాధారం" అన్నదాన్నే ఇంగ్లీషులో పెట్టావు. ఈ దేశం వచ్చిన కొత్తలో నా మొదటి పేపరు కూడా అచ్చం అలాగే మొదలైంది. మాది కనిగిరి. ఫ్లోరైడ్ నీళ్లు మీకెంత తెలుసో మాకూ అంతే తెలుసు. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ మీద రాసిన పేపరు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. కాబట్టి నీ టాపిక్ మీద నాకు కాస్త మమకారం ఎక్కువ. జవాబు పొడుగైతే అందుకే అనుకో.

మనకు అలవాటైన పద్ధతి సంగతి ముందు చెప్తాను. ఇంటర్లో, డిగ్రీలో వ్యాసం అంటే ఏమిటి? ఉపోద్ఘాతం, కారణాలు, ఫలితాలు, నివారణ చర్యలు, ముగింపు. స్కెచ్ పెన్నుతో సైడ్ హెడింగులు, కింద రెండు గీతలు. అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అంత ధీమా. దిద్దేవాళ్లకు నిమిషానికో పేపరు, పాయింట్లు కనబడితే మార్కులు పడతాయి. అందులో మన అభిప్రాయం ఎవరూ అడగరు. నీ డ్రాఫ్టు సరిగ్గా ఆ అయిదు సైడ్ హెడింగుల మీదే నడిచింది. ఫ్లోరైడ్ గురించి నీకు తెలిసిందంతా అందులో ఉంది, నువ్వేమంటావన్నది మాత్రం లేదు. ఆమె "సో వాట్?" అన్నది దాని గురించే. అది తిట్టనుకోకు. ఇక్కడ ప్రొఫెసర్లు మంచి విద్యార్థుల డ్రాఫ్టుల మీద కూడా ఆ రెండు ముక్కలు రాస్తారు.

"నల్గొండలో ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉంది" అంటే ఎవరు కాదంటారు? కాదనేవాళ్లు లేనప్పుడు ఒప్పించాల్సిన పనీ లేదు. "ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి" అన్నది నీ చివరి పేజీ. ఏ ప్రభుత్వం, ఏ చర్య, ఎంత ఖర్చుతో? అది కూడా ఎవరూ కాదనని మాటే. నీ ఏడో పేజీలో ఎక్కడో మూలన ఒక వాక్యం ఉంది: మీ ఊళ్లో పెట్టిన ఫిల్టరు రెండేళ్లు నడిచి మూలపడిందని, తర్వాత పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయని. నీ పేపరంతా అక్కడుంది తమ్ముడూ. దాన్ని మొదటి పేజీకి తెచ్చుకో. ఇలా అనుకుందాం: "ఫ్లోరైడ్ ఉన్న పల్లెలకు దూరం నుంచి నది నీళ్లు తేవడం, ఊరూరా శుద్ధి చేసుకోమనడం కంటే మేలు. ఎందుకంటే శుద్ధి పద్ధతులు ల్యాబులో ఓడిపోలేదు, రోజూ నడిపే మనిషి దొరక్క ఓడిపోయాయి." ఈ మాటతో వాదనకు దిగేవాళ్లు ఉంటారు. ఖర్చు లెక్కలు తీసేవాళ్లు ఉంటారు. ఇక రాయడానికి పని దొరికింది. దీన్నే ఇక్కడ థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు.

ఇక "అయితే ఏంటి?" సంగతి. నల్గొండ విధానం నీకు తెలుసు: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలియబెట్టి, తేరనిచ్చి, వడగట్టడం. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. నీ డ్రాఫ్టులో దాన్ని మూడు పేరాల్లో వర్ణించావు కానీ ఒక్క సంగతి వదిలేశావు. ఆ పద్ధతి మీ జిల్లా పేరుతోనే ఆఫ్రికా వెళ్లింది. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో రిఫ్ట్ లోయ పొడుగునా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడ దీన్ని వాడి చూశారు. అంటే మర్రిగూడలో ఫిల్టరు ఎందుకు ఆగిపోయిందో నువ్వు గట్టిగా చెప్పగలిగితే అది ఇథియోపియాలో నీటి పథకం వేసే ఇంజనీరుకూ పనికొస్తుంది. మీ ప్రొఫెసర్‌కు కావలసింది ఈ ముక్క. మొదటి పేజీలో రెండు వాక్యాల్లో చెప్పెయ్.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. నీ పాఠకురాలు ఎవరో నువ్వు ఆలోచించలేదు. మనూళ్లో ఫ్లోరైడ్ అంటే వంగిపోయిన కాళ్లు, గోధుమ రంగు పళ్లు. ఇక్కడ ఫ్లోరైడ్ అంటే పిల్లల పళ్లు పుచ్చకుండా కాపాడే మందు. 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి కుళాయి నీళ్లలో మొదటిసారి కావాలని కలిపారు. అప్పటి నుంచి దేశమంతా పాకింది. ఇప్పుడు సిఫారసు చేసే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. 2025లో యూటా, ఫ్లోరిడా వద్దని చట్టం చేశాయి, అది వేరే గొడవ, అందులోకి నువ్వు దిగితే 12 పేజీలూ అక్కడే అయిపోతాయి. నువ్వు మాత్రం ఏ వివరణా లేకుండా "ఫ్లోరైడ్ అనే విషం" అని మొదలెట్టావు. టూత్‌పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ ఉందో లేదో చూసి కొనే మనిషి ఆ మాట దగ్గరే ఆగిపోతుంది.

బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదన ఎలా కట్టబడుతుందో విడమరిచి చెప్పాడు. మనం చెప్పే మాట ఒకటి, దానికి చూపే ఆధారం ఒకటి, ఆ ఆధారం నుంచి ఈ మాటకు ఎలా వచ్చామన్న ఒప్పుదల ఇంకొకటి. ఈ మూడోదాన్ని మనం పైకి చెప్పం. చదివేవాళ్లూ మన ఊరివాళ్లే అయితే చెప్పక్కర్లేదు కూడా. నీ ఆధారం "మా బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములు". నీ మాట "అది ప్రమాదం". మధ్యలో ఏముంది? అమెరికా పర్యావరణ సంస్థ చట్టప్రకారం 4 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది. మీ ప్రొఫెసర్‌కు ఆ అంకె నోటికొచ్చి ఉంటుంది. "మా దగ్గర 4 దాకా పర్వాలేదు, మీకు 3తోనే గొడవేంటి?" అని ఆమె మనసులో అనుకుంటుంది, పైకి అనదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 1.5. మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ ప్రకారం 1, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. ఇన్ని అంకెలెందుకున్నాయో చెప్పాల్సింది నువ్వే. ఏప్రిల్‌లో నల్గొండ పొలంలో పనిచేసే మనిషి రోజుకు ఎన్ని నీళ్లు తాగుతాడు? ఏసీ ఆఫీసులో కూర్చునే మనిషి ఎన్ని తాగుతాడు? నీళ్లలో ఎంత ఉందన్నదొక్కటే సరిపోదు, ఒంట్లోకి ఎంత పోయిందో చూడాలి. వాతావరణం, తాగే నీళ్ల పరిమాణం చూసుకుని దేశాలు తమ హద్దు పెట్టుకోవాలని ఆరోగ్య సంస్థే అంటుంది. ఈ ఒక్క పేరా నీ పేపర్లో పడితే ఆమె నీ వైపు తిరుగుతుంది. నీ డ్రాఫ్టులో ఇది లేదు, ఎందుకంటే నీకు అది చెప్పాల్సిన సంగతే అనిపించలేదు. మనకు మరీ బాగా తెలిసిన విషయం మీద రాస్తే వచ్చే ఇబ్బంది ఇదే.

పేరాల సంగతికొస్తాను. నీ ఆరో పేజీలో ఒక పేరా ఇలా నడిచింది: నల్గొండ విధానం ఫలానా సంస్థ కనిపెట్టింది, అందులో పటిక వాడతారు, సున్నం వాడతారు, తేరాక అడుగున బురద మిగులుతుంది, ఇది చవక. అయిదు వాక్యాలు, అయిదూ నిజాలే, ఏదీ ఇంకోదాని చెయ్యి పట్టుకోలేదు. అదే సరుకుతో ఇలా రాసి చూడు: "నల్గొండ విధానం చవకైనదే, కానీ రోజూ ఒక తెలిసిన మనిషి ఉండాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారత ఎంతుందో చూసి పటిక మోతాదు మార్చాలి, బోరు మారితే లెక్క మారుతుంది. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ దిగదు, లేదా నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. పైగా రోజూ తేలే బురదను ఎక్కడో పారెయ్యాలి. పంచాయతీలో ఈ పనికి జీతం ఎవరిస్తారు?" మొదటి వాక్యం ఒక మాట అంటుంది, మిగతావన్నీ దాని కిందే పనిచేస్తాయి.

డ్రాఫ్టు ప్రింటు తీసి ప్రతి పేరా పక్కనా పెన్నుతో నాలుగైదు మాటల్లో అదేం అంటోందో రాయి. "నల్గొండ విధానం గురించి" అని రాశావంటే అది టాపిక్ మాత్రమే. "మనిషి లేకపోతే నడవదు" అని రాయగలిగితే అది వాదన. తర్వాత ఆ పక్క మాటలు మాత్రమే వరసగా చదువు. కథ నడవకపోతే పేరాలు ముందువెనకలు చెయ్. నేను ఇప్పటికీ ఆఫీసు రిపోర్టులకు ఇదే చేస్తాను.

ఎదుటివాళ్ల వాదన ఎక్కడ పెట్టాలని మన పిల్లలు చాలామంది అడుగుతారు. చివర్లో ఒక పేరా తగిలిస్తారు, మొక్కుబడిగా. మన శాస్త్ర గ్రంథాల్లో పూర్వపక్షం ముందు చెప్పి, దాన్ని ఖండించి, తర్వాతే సిద్ధాంతానికి వచ్చేవారు. ఎదుటివాడి మాటను వాడు చెప్పినదానికంటే బాగా చెప్పగలగడం గొప్పగా ఉండేది. నీకు రావాల్సిన ప్రశ్నలు నాకు మూడు కనిపిస్తున్నాయి. పైపుల ఖర్చు, పంపింగ్ కరెంటు ఎవరు భరిస్తారు? పైపు పగిలిన వారం జనం మళ్లీ బోరుకే పోతారు కదా? 2016లో తెలంగాణలో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలయ్యాక ఇక చెప్పడానికేముంది? రెండోదానికి నువ్వు కొంచెం తగ్గాలి. "నిజమే, నీళ్లు రాని రోజుల కోసం ఊళ్లో ఒక శుద్ధి యూనిట్ ఉంచాలి" అని ఒప్పుకో. ఒక మెట్టు దిగినంత మాత్రాన పేపరు బలం తగ్గదు. మూడోదానికి జవాబు నీ పేపరు అసలు పనే: భగీరథ నుంచి రిఫ్ట్ లోయ ఏం నేర్చుకోవచ్చో చెప్పడం.

40 రెఫరెన్సుల్లో నువ్వు నిజంగా చదివినవి ఎన్ని? నిజం చెప్పు. 15 చదివి 15 పెట్టు. లైబ్రేరియన్‌ను అడిగితే మీ దగ్గర లేని పేపర్లు కూడా ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో తెప్పిస్తారు, దాదాపు ఎక్కడైనా ఉచితమే. రెఫరెన్సులు సర్దిపెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, ఇవాళే పెట్టుకో. పబ్లిక్ హెల్త్‌లో రెఫరెన్సులు రాయడానికి ఎక్కువగా అడిగేది ఏపీఏ, ఏఎమ్ఏ పద్ధతులు, సిలబస్ చూసుకో. చాట్‌బాట్ ఇచ్చిన రెఫరెన్సును కళ్లతో చూడకుండా పెట్టకు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అలా లేని కేసులు కోర్టులో చూపి 5,000 డాలర్ల జరిమానా కట్టారు.

కాపీ గురించి నా కథే చెప్తాను. మొదటి సెమిస్టర్లో ఒక జర్నల్ పేపర్లోంచి రెండు పేరాలు తీసుకుని అక్కడక్కడ మాటలు మార్చి రాశాను, చివర్లో రెఫరెన్సు కూడా ఇచ్చాను. అది తప్పని నాకు తెలియదు, మన దగ్గర గైడు చూసి రాసినదాన్ని ఎవరూ ఏమనలేదు కదా. ప్రొఫెసర్ గదికి పిలిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఎర్ర గీతలే గీతలు. ఆయన మంచివాడు కాబట్టి ఆ పేపరుకు సున్నా వేసి వదిలేశాడు. పైకి పంపి ఉంటే విచారణ, అది సస్పెన్షన్ దాకా పోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకే ఎసరు. ఒక పేరా చదివాక స్క్రీన్ మీద ఆ విండో మూసేసి, నీ మాటల్లో రాసి, తర్వాత తెరిచి సరిచూసుకో. మూసి రాయలేకపోతే అది నీకు ఇంకా అర్థం కాలేదన్నమాట.

డ్రాఫ్టు చూసి సలహా ఇచ్చే రైటింగ్ సెంటర్ మీ యూనివర్సిటీలో ఉంటుంది, అక్కడ అపాయింట్‌మెంటు ఇప్పుడే పెట్టుకో, సెమిస్టర్ ఆఖరి రెండు వారాలు ఖాళీ ఉండదు. అంతకుముందే మీ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులను కలిసే వేళకు, వెళ్లు. మొత్తం డ్రాఫ్టు తీసుకెళ్లకు. పైన రాసిన ఆ రెండు వాక్యాల వాదన ఒక కాగితం మీద రాసుకెళ్లి, "దీంతో మీరు ఎక్కడ ఒప్పుకోరు?" అని అడుగు. ఆమె చెప్పినవన్నీ నీ పూర్వపక్షమే, రాసుకో.

తాతగారి సంగతి. రాయొచ్చు. రాయాలి కూడా. కానీ మొదటి పేరాలో, నాలుగైదు వాక్యాలు, అంతే. ఆయన నడుము వంగిపోయిందన్నది నీ వాదనకు రుజువుగా చూపించకు, ఒక్క మనిషి సంగతితో ఒక విధానం రుజువు కాదు. ఆయన్ను ఎందుకు చూపిస్తున్నావంటే లీటరుకు మిల్లీగ్రాములంటే ఏమిటో అమెరికాలో కూర్చున్న మనిషికి కనబడాలని. పేరు వద్దు, ముందుగా ఫోన్ చేసి ఆయన్ను అడుగు. ఆ ఫోన్లోనే ఇంకో రెండు ప్రశ్నలు వెయ్: చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగారు, ఊళ్లో ఫిల్టరు పెట్టినప్పుడు పటిక వేసే పని ఎవరు చేసేవారు, ఎందుకు మానేశారు. ఆ రెండోదానికి ఆయన చెప్పే జవాబు నీ 40 రెఫరెన్సుల్లో ఎక్కడా దొరకదు.